మూతకుట్టు

మా అక్కని ఎవరూ పేరుతో పిలవరు. మూతక్క అంటారు. సొంత తమ్ముణ్ణయినా నాకూ అదే అలవాటైపోయింది. అసలు పేరు చెప్పి అడిగితే మా వీధిలో మా ఇంటికి దారి చూపించేవాళ్ళు దొరకరు.

ఆ పేరెలా వచ్చిందో చెప్పాలంటే ముందు బంతి సంగతి చెప్పాలి. మైదానంలో కాలితో తన్నే బంతి. టీవీలో చూసేవాళ్ళకి అది గుండ్రంగానే పుట్టినట్టు కనిపిస్తుంది. మా దగ్గరికి మాత్రం ముక్కలుగా వస్తుంది. అంచుల వెంట చిల్లులు పొడిచిన ముక్కలు, మైనం పట్టించిన దారం, రెండు సూదులు. మోకాళ్ళ మధ్య చెక్క పటకారు ఇరికించుకుని, దాని దవడల్లో రెండు ముక్కల అంచులు బిగించి, ఈ చేతి సూది అటు, ఆ చేతి సూది ఇటు దూర్చి లాగుతూ పోవాలి. అలా లోపలి వైపు పైకి పెట్టి కుట్టుకుంటూ పోతే సగం బంతి తయారవుతుంది. దాన్ని చిప్ప అంటాం. రెండు చిప్పలు కలిపి, లోపల గాలి పట్టే రబ్బరు బ్లాడరు పెట్టి, మంచి వైపు పైకి వచ్చేలా తిప్పేశాక ఒక సందు మిగులుతుంది. ఇక చేతులు లోపలికి పోవు. లోపల ఏం జరుగుతోందో కంటికి కనపడదు. సూదిని గుడ్డిగా పంపించి, భుజం బలమంతా పెట్టి దారం లాగి, ముడిని లోపలే దాచేసి మూసెయ్యాలి. అదే మూతకుట్టు. చిప్పలు ఎవరైనా కుట్టగలరు. మూతకుట్టు చెయ్యి తిరిగినవాళ్ళ పని. మా అక్క మూసిన బంతి చేతికిచ్చి మూత ఎక్కడుందో చూపించమంటే, ఏళ్ళ తరబడి చెకింగు టేబుల్ దగ్గర కూర్చున్న నేనే తెల్లమొహం వేస్తాను.

మా అమ్మ ఆమెని పటకారు ముందు కూర్చోబెట్టేనాటికి ఆమెకి ఆరేళ్ళు. ఎదిగే ఎముకల మధ్య పొద్దస్తమానం చెక్క ఇరికించి ఉంచితే ఏమవుతుంది? మోకాళ్ళు బయటికి వంగిపోయాయి. "నేను గోల్ దగ్గర నిలబడకూడదురా, బంతులన్నీ నా కాళ్ళ మధ్య నుంచే పోతాయి" అని తనే నవ్విస్తుంది. నాకు నవ్వు రాదు. కుడి చేతి వేళ్ళు రెండు పూర్తిగా చాపుకోవు. నేను ఆమె తరవాత చాలా ఏళ్ళకి పుట్టాను. ఆమె కుట్టింది కాబట్టి నేను బడికి వెళ్ళాను. ఆ మాట ఆమె ఎప్పుడూ అనలేదు, అనకపోవడమే నాకు బరువు.

ఆ రోజుల్లో పని ఇళ్ళకే వచ్చేది. కాంట్రాక్టరు మనిషి సంచుల్లో ముక్కలు తెచ్చి గుమ్మంలో పడేసి పోతే ఇంటిల్లిపాదీ కుట్టేవాళ్ళు. చిప్పలు తీసుకెళ్ళేటప్పుడు ఇది వంకర, అది మురికి అని సగం తోసేసేవాడు. తోసేసినవాటికే ఇంకో వీధిలో మూతలు వేయించి అమ్ముకునేవాడు. 

అక్క యూనియన్‌లో చేరింది. చేరడమేంటి, యూనియన్‌నే చెయ్యి పట్టుకుని మా వీధుల్లోకి లాక్కొచ్చింది. ఇల్లిల్లూ తిరిగింది, తలుపులు మొహాన వేసినా మర్నాడు మళ్ళీ వెళ్ళింది. సమ్మె మొదలయ్యాక పొయ్యిలు ఆరిపోయాయి, చుట్టాలు ముఖం చాటేశారు, మా బావ మంచం పట్టి పోయింది కూడా ఆ రోజుల్లోనే. ఆమె మాత్రం వెనక్కి తగ్గలేదు. చివరికి కంపెనీ దిగొచ్చి షెడ్డు కట్టింది. కుట్టుపనంతా ఆ కప్పు కిందే జరగాలి, పద్నాలుగేళ్ళు నిండనివాళ్ళు ఆ గడప తొక్కకూడదు. ఇది మొదటి షరతు. రెండో షరతు అక్క బుర్రలోంచే పుట్టింది. కూలి ఇక చిప్పకి కాదు, మూసిన బంతికి. అదీ మూసినవాళ్ళ చేతికే. చిప్పల్ని తోసెయ్యడాలు ఉండవు, ఎక్కువ కష్టపడ్డ భుజానికి దాని ఫలం దక్కుతుంది. ఒప్పందం చదివి వినిపించిన రోజు జనం ఆమెని భుజాల మీద ఎత్తుకున్నారు. మూతక్క అన్న పేరు ఆ రోజు పుట్టిందే.

అంతమంది పెద్ద బుర్రలు కలిసి కూర్చుని ఒక్క సంగతి ఆలోచించలేదు. మూసిన బంతికే కూలి అన్నాక, చిప్ప ఎవరు కుట్టారో ఇక ఎవడికి కావాలి? షెడ్డులో పొద్దున కూర్చుని మొదటి ముక్క నుంచి కుట్టుకొచ్చేవాడు సాయంత్రానికి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని బంతులే మూయగలడు. ఇంట్లో కుట్టిన చిప్పలు సంచిలో వేసుకొచ్చినవాడు వాడికి రెండింతలు మూసి చక్కా పోతాడు. మొదట ఒకావిడ తెచ్చింది. పక్కావిడ చూసింది. ఏడాది తిరక్కుండా అందరి చంకల్లోనూ సంచులే. సాయంత్రం ముక్కలు బయటికి, పొద్దున చిప్పలు లోపలికి. సరిగ్గా ఆ వేళకే సూపర్‌వైజరుకి టీ దాహం వేసేది.

నాకు రోత పుట్టేది అక్కడే. ఒకప్పుడు పిల్లల చేత కాంట్రాక్టరు కుట్టించాడు, వాణ్ణి తిట్టడానికి మాకు నోరుండేది. ఇప్పుడు మా పిల్లల చేత మేమే కుట్టిస్తున్నాం, కడుపు మాడ్చుకుని సాధించుకున్న రేటు కోసం. పైగా షెడ్డు గుమ్మానికి నిలువెత్తు బోర్డు, ఇక్కడ బాలకార్మికులు లేరని. నిజమే, అక్కడ లేరు.

తనిఖీవాళ్ళు వచ్చేవాళ్ళు, మెడలో కార్డులు వేలాడేసుకుని. మనుషుల్ని లెక్కపెట్టేవాళ్ళు, మరుగుదొడ్డి తలుపులకి గడియలున్నాయో లేదో చూసేవాళ్ళు, మంటలార్పే ఎర్ర సిలిండరు పక్కన నిలబడి ఫొటో దిగేవాళ్ళు. ఇంతమంది ఇన్ని బంతులు ఎలా మూస్తున్నారని ఒక్కడంటే ఒక్కడు అడిగిన పాపాన పోలేదు. అడిగితే జవాబు వస్తుంది. జవాబు వస్తే రిపోర్టు మళ్ళీ మొదటి నుంచి రాసుకోవాలి.

మరి అక్కకి తెలీదా అంటారు మీరు. సంచులు ఆమె కళ్ళ ముందే తిరుగుతున్నాయి. పెద్దవాళ్ళు ఇంటి దగ్గర ఖాళీ వేళల్లో కుట్టుకుంటున్నారని అనుకుంది. ఆమె సంచి ఆమె కోడలు సర్ది ఇచ్చేది. యూనియన్ పనుల మీద తిరిగి తిరిగి మధ్యాహ్నానికి షెడ్డుకి చేరే మనిషి, ఆ చిప్పలు లేకపోతే ఒక్క బంతి కూడా మూయలేదు. "మా కోడలి చేతిలో ఏదో మంత్రం ఉందిరా" అని నా దగ్గర మురిసిపోయేది. వంటా వార్పూ, నీళ్ళ బిందెలూ, బట్టలూ అన్నీ చూసుకునే పిల్లకి ఇన్ని చిప్పలు కుట్టే తీరిక ఎక్కణ్ణుంచి వచ్చిందని ఆమెకి తట్టలేదు. తట్టనివ్వలేదు అంటాను నేను. మనింటి సంగతి మనకి చివర్న తెలుస్తుంది, అది కూడా తప్పనిసరైతేనే.

ఇక మా యూనియన్ ప్రెసిడెంటు. ఆయన్ని మేం మైకాయన అంటాం, మైకు చేతికి దొరికితే కరెంటు పోతే తప్ప వదలడు కాబట్టి. ఒకప్పుడు ఆయనా మాలాంటివాడే. కటింగు మెషీన్ దగ్గర వేలి కొస పోగొట్టుకున్నాడు. ఆ వేలు చూపించే కమిటీలోకి వచ్చాడు, ఆ వేలు చూపించే ప్రెసిడెంటయ్యాడు. మిగతా తొమ్మిది వేళ్ళతో ఆయన పని చెయ్యగా చూసినవాళ్ళు ఈ మధ్యకాలంలో లేరు.

ఒకరోజు ఆయన షెడ్డు మధ్యలో బల్ల ఎక్కి శుభవార్త చెప్పాడు. దేశదేశాల కార్మిక సంఘాల పెద్దలు మా షెడ్డు చూడ్డానికి వస్తున్నారు. బాలకార్మికులు లేని చోటుకి ఇదే నమూనా అని లోకానికి చాటుతారు. బంతులు కొనే పెద్ద కంపెనీ మనిషి కూడా వాళ్ళతో వస్తాడు. మైకాయన పైదేశంలో జరిగే మహాసభకి వెళ్ళి మా షెడ్డు గురించి మాట్లాడతాడు. దీనికంతటికీ ఒకటే కావాలి. కార్మికుల తరఫున మూతక్క వాళ్ళ ముందు నిలబడి, మా బంతుల మీద పిల్లల చెయ్యి పడలేదని మాట ఇవ్వాలి. ఆమె మాట ఇస్తే కొత్త ఆర్డరు మాది. ఇవ్వకపోతే అది యూనియన్ లేని ఇంకో ఊరికి పోతుంది.

"మూతక్క చెప్తే దేవుడైనా నమ్మాల్సిందే" అన్నాడు మైకాయన. అందరూ చప్పట్లు కొట్టారు. అక్క సిగ్గుపడి తల దించుకుంది.

వాళ్ళు రావడానికి రెండు రోజుల ముందు నేను చెకింగు టేబుల్ దగ్గర బంతులు దొర్లిస్తున్నాను. చెకింగంటే కళ్ళతో చేసేది కాదు, గాలి నింపిన బంతిని అరచేతుల మధ్య తిప్పుతూ పోవాలి. ఒక బంతి మీద చేతికి ఏదో తగిలింది. చిన్న గింజంత. తిప్పి చూస్తే అక్క మూసిన బంతి.

"ఏంటక్కా, నీ బంతికి మొటిమ లేచింది? వయసుకొచ్చినట్టుంది" అన్నాను.

"మైనం గడ్డకట్టి ఉంటుందిలే, ఇటివ్వు" అని నవ్వుతూ వచ్చింది. గాలి తీసేసి, బ్లేడుతో తన మూత తనే కోసి, వంకర వేళ్ళు లోపలికి పోనిచ్చి కుట్టు మడతలో తడిమింది. ఏదో పట్టుకుని బయటికి తీసి అరచేతిలో పెట్టుకుంది.

పన్ను. చిన్న పాలపన్ను. దాని మొదట్లో ఎండిన నెత్తురు చార, దాని చుట్టూ మైనపు దారం పోగు.

చేతుల్లో బలం చాలక పిల్లలు దారాన్ని పళ్ళతో కరిచిపట్టి లాగుతారు. మా వీధుల్లో ఈ సంగతి ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. అక్కకి అసలే అక్కర్లేదు, ఆమె ముందుపళ్ళ మీద ఆ దారం కోసిన గాట్లు ఈనాటికీ ఉన్నాయి.  కుడుతూ కుడుతూ ఉండగా కదిలే పన్ను దారంతో పాటు ఊడొచ్చి, చిప్పలో పడి, మైనానికి అంటుకుని, అలాగే బంతిలోకి వచ్చేసింది. నేను పట్టుకోకపోతే ఏ మైదానంలోనో జనం ఈలల మధ్య దాన్ని తన్నుకుంటూ ఉండేవాళ్ళు.

అక్క ఆ పన్నుని బొటనవేలితో తుడిచింది.

"మా మనవరాలికి మొన్న పన్నూడిందిరా" అంది చివరికి. "ఎక్కడ పడేశావే అంటే తెలీదంది."

పన్నుని చీర కొంగున ముడేసుకుని ఇంటికి బయల్దేరింది. నేనూ వెనకాలే వెళ్ళాను. 

ఇల్లు అంటే ఒకటే గది. ఒక మూల పొయ్యి, ఇంకో మూల మంచం, మంచం కింద సంచి. కోడలు అంట్లు తోముతోంది. మనవరాలు బడి నుంచి ఇంకా రాలేదు. అక్క కొంగు ముడి విప్పి ఆ పన్నుని కోడలి ముందు నేల మీద పెట్టింది. కోడలు చూసింది. చేతులకున్న మసి కడుక్కుంది. తొందరపడలేదు.

"చిప్పలు ఎవరు కుడుతున్నారే?" అంది అక్క.

"ఈ మాట మీరు ఎప్పటికీ అడగరనుకున్నాను అత్తయ్యా."

"పాప చేత కుట్టిస్తున్నావా?"

"ఇద్దరం కుడతాం. నేను వంట దగ్గరుంటే అది కూర్చుంటుంది. అది బడికి పోతే నేను కూర్చుంటాను. సంచి నిండని రోజు అది బడికి పోదు."

"నీకు సిగ్గనిపించలేదటే? దానికి ఎనిమిదేళ్ళు."

కోడలు గొంతు పెంచలేదు. "మీ అబ్బాయి గోడౌన్‌లో మోసి తెచ్చేది ఇంటద్దెకీ మందులకీ చాలదు. మీకు ఊరందరి పనీ కావాలి. మూసిన బంతికే కూలి అని పెట్టింది నేనా అత్తయ్యా? మీరు మూసే ప్రతి బంతిలోనూ మేమిద్దరం ఉన్నాం. మీకు తెలీకుండా నేనే జాగ్రత్తపడ్డాను. మీకు తెలిస్తే బయట నలుగురి ముందు ఎలా మాట్లాడతారు?"

అక్క మంచం మీద కూలబడింది. ఆ పిల్ల మీద కోపం తెచ్చుకుందామని నేను శాయశక్తులా ప్రయత్నించాను. రాలేదు. అత్తగారి పరువు కాపాడ్డానికి కన్నకూతురి పళ్ళు ఊడగొట్టుకుంటున్న మనిషిని ఏమని తిట్టాలి? కోపమంతా ఎటు పోవాలో తెలీక నా కడుపులోనే మురిగిపోయింది.

"ఇవాళ్టి నుంచి దాని చేత కుట్టించకు" అంది అక్క.

"అలాగే" అంది కోడలు, ఎత్తుపల్లాల్లేని గొంతుతో. ఆ అలాగే ఎన్నాళ్ళు నిలుస్తుందో ముగ్గురికీ తెలుసు.

అక్కణ్ణుంచి యూనియన్ ఆఫీసుకి నడిచాం. గోడల నిండా పోస్టర్లు, పలక పట్టుకుని నవ్వుతున్న పిల్లలు. కుర్చీలకి కొత్త కవర్లు తొడుగుతున్నారు. మైకాయన అద్దం ముందు నిలబడి, మహాసభకి కుట్టించుకున్న కోటు భుజాల దగ్గర సరిపోయిందో లేదో చూసుకుంటున్నాడు. అక్క జరిగింది చెప్పి, పన్ను చూపించింది.

ఆయన వంగి చూసి, "పిల్లలకి పళ్ళూడవా ఏంటక్కా?" అన్నాడు.

ఆయన మొహాన ఉమ్మేద్దామనిపించింది నాకు. నోరు ఎండిపోయి ఉంది.

"రేటు మార్చాలి" అంది అక్క. "చిప్పకి వేరే, మూతకి వేరే కట్టాలి. రెండూ షెడ్డులోనే జరగాలి. సంచి గుమ్మం దాటకూడదు. నేను పెట్టించిన రేటే ఇది. నేనే తీయించాలి."

"తీయిద్దాం. ఎవరు కాదన్నారు? వాళ్ళని వచ్చి పోనీ. నేను మహాసభ నుంచి తిరిగి రాగానే కమిటీ వేద్దాం, నువ్వే పెద్దగా ఉండు."

"అప్పటిదాకా?"

"అప్పటిదాకా ఆర్డరు ఉంటుంది, జనం పొయ్యిలు వెలుగుతాయి. సంచులు ఆపేస్తే కూలి సగానికి పడిపోతుందని నీకు తెలీదా? నిన్ను భుజాల మీద ఎత్తుకున్నవాళ్ళే కింద పడేస్తారు." గొంతు మెత్తగా చేశాడు. "ఇది లోకమంతా ఉన్నదే అక్కా. మనమొక్కళ్ళమే మడి కట్టుకుని కూర్చుంటే ఎవరికి లాభం? ఒక్కరోజు. నాలుగు మాటలు. అంతే."

కంపెనీవాడు ఈ మాటలంటే నాకు వింతనిపించేది కాదు. వాడి పనే అది. మా చందాలతో అద్దె కట్టుకునే గదిలో, మా పిల్లల బొమ్మలంటించిన గోడ కింద, మావాడే అన్నాడు. అక్క పన్నుని మళ్ళీ కొంగున ముడేసుకుని బయటికి వచ్చేసింది.  ఆమె ఒప్పేసుకుందని ఆయన అనుకున్నాడు. నిజం చెప్పాలంటే నేనూ అలాగే అనుకున్నాను.

మర్నాడంతా మైకాయన మనుషులు ఇద్దరు మా వీధుల్లో తిరిగారు. పెద్దలు వస్తున్నారు, వీధులు శుభ్రంగా ఉంచండి అని చెప్పడానికట. పిల్లల్ని వీధి చివరికి పిలిచి ఏదో మాట్లాడించడం చూశాను. ఊడ్చే పనికి పిలిచారనుకుని పట్టించుకోలేదు. నీళ్ళ పంపు దగ్గర ఆడవాళ్ళు అక్క చుట్టూ మూగారు. పన్ను సంగతి అప్పటికే అందరికీ పాకింది.

"నీ కాళ్ళు పట్టుకుంటా మూతక్కా, ఆర్డరు పోగొట్టకు" అంది మా పక్కింటావిడ. "మా ఆయన ఊపిరికి మందులు కొనాలి. మా పిల్లలు కుడితే ఏమైంది, నువ్వు కుట్టలేదా, నేను కుట్టలేదా, చచ్చిపోయామా?"

అక్క తన బిందె నింపుకుని, ఆమె బిందె కూడా నింపి పెట్టి వచ్చింది. తన తరఫున నాలా ఒళ్ళు మండించుకునే తమ్ముడు లేడు కాబోలు, పక్కింటావిడ ఏడ్చింది.

పెద్దలు వచ్చిన రోజు షెడ్డు తళతళలాడిపోయింది. సంచులు ఒక్కటి కూడా లోపలికి రాకూడదని ముందే చెప్పారు. అందరూ బుద్ధిగా మొదటి ముక్క నుంచి కుడుతున్నారు, ఎన్నాళ్ళ తరవాతో. ఒక్క బంతి కూడా పూర్తి కాలేదు. వచ్చినవాళ్ళు ఆరుగురు. వాళ్ళలో ఒక తెల్లజుట్టావిడ అక్క చెయ్యి పట్టుకుని ఆ వంకర వేళ్ళని చాలాసేపు చూసింది. ఏదో అడగబోయి ఊరుకుంది. కొనే కంపెనీ మనిషి గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. వాళ్ళ మాటలు మాకూ, మా మాటలు వాళ్ళకీ చెప్పేది మైకాయన బావమరిది. మనకి నచ్చింది మనకి, వాళ్ళకి నచ్చింది వాళ్ళకి చెప్పగల సమర్థుడు.

మైకాయన కరువుతీరా మాట్లాడాడు. వేలు చూపించాడు. తరవాత మైకుని తుడిచి మరీ అక్క చేతికిచ్చాడు. షెడ్డంతా సూదులు ఆపేసింది. పక్కింటావిడ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

"ఈ షెడ్డులో పిల్లలు పనిచెయ్యరు" అంది అక్క.

మైకాయన అప్పుడే చప్పట్లు మొదలుపెట్టాడు. అక్క ఆగలేదు.

"ఇక్కడ లేరు. ఎక్కడున్నారో చూపిస్తాను, నాతో రండి. ఎవరింటికో కాదు, మా ఇంటికే. ఈ పక్క వీధే."

బావమరిది మైకాయన వైపు చూశాడు. తరవాత వాళ్ళ భాషలో ఏదో చెప్పాడు. పెద్దలందరూ నవ్వుతూ లేచి నిలబడ్డారు. అక్క వాళ్ళని టీకి పిలుస్తోందని చెప్పాడట వెధవ. అలా వాడి అబద్ధమే వాళ్ళని మా వీధిలోకి నడిపించింది. అతిథులు అంత ముచ్చటపడి బయల్దేరాక వద్దనడానికి మైకాయనకి దారి లేకపోయింది.

మేం నడుస్తుంటే రెండు వైపులా తలుపులు మూసుకుంటూ పోయాయి. లోపల మంచాల కిందికి ఏవేవో తోస్తున్న చప్పుళ్ళు. అక్క ఆ తలుపుల వైపు కన్నెత్తి చూడలేదు. ఆమెకి కావలసింది ఒక్క తలుపే. గుమ్మంలో కోడలు పాలిపోయి నిలబడింది. అక్క ఆమె భుజం మీద చెయ్యి వేసి పక్కకి జరిపి లోపలికి వెళ్ళింది. పెద్దలు ఇరుక్కుని నిలబడ్డారు. నేను తలుపు దగ్గర ఆగిపోయాను.

మనవరాలు మంచం పక్కన నిటారుగా నిలబడి ఉంది. చేతులు వెనక్కి కట్టుకుంది. ఎవరూ ఏమీ అడక్కుండానే మొదలుపెట్టింది, పద్యం అప్పజెప్పినట్టు.

"నేను రోజూ బడికి వెళ్తాను. నాకు చదువంటే ఇష్టం. మా ఇంట్లో ఎవరూ బంతులు కుట్టరు. మా నానమ్మ పిల్లల కోసం పోరాడింది. మా వీధిలో పిల్లలందరూ ఆడుకుంటారు."

బావమరిది ఆ రోజు మొత్తంలో మొదటిసారి ఉన్నదున్నట్టు చెప్పాడు. పెద్దల మొహాలు విప్పారాయి. ఒకాయన ఫొటో తీశాడు. కంపెనీ మనిషి పిల్ల బుగ్గ తట్టాడు. మైకాయన జేబురుమాలు తీసి నుదురు తుడుచుకున్నాడు. పిల్ల నోట్లో ముందు రెండు పళ్ళ దగ్గర ఖాళీ, ఆ ఖాళీలోంచే ఆ అబద్ధమంతా చక్కగా, తొణక్కుండా వచ్చింది. చేతులతో చేయించిన చాకిరీ చాలదని నాలుకని కూడా పనికి కుదిర్చారు.  అక్క మొహం చూడలేకపోయాను.

"ఎవరు నేర్పారమ్మా నీకిది?" అంది అక్క, మెల్లగా.

"నిన్న మామయ్యలు వచ్చి నేర్పారు. అందర్నీ వరసగా నిలబెట్టి చెప్పించారు. నేనొక్కదాన్నే తప్పుల్లేకుండా చెప్పానని నాకు రెండు చాక్లెట్లిచ్చారు."

ఈ మాట బావమరిది ఎవరికీ చెప్పలేదు.

అక్క తన వంగిన మోకాళ్ళ మీద కష్టంగా కూర్చుంది. మంచం కిందికి చెయ్యి పోనిచ్చి పటకారు బయటికి లాగింది. తరవాత సంచి. దాంట్లోంచి సగం కుట్టిన చిప్ప. సూదులు దానికి ఇంకా వేలాడుతూనే ఉన్నాయి.

"కూర్చుని కుట్టు తల్లీ."

పిల్ల తల్లి వైపు చూసింది. "చూపించకూడదని చెప్పారు నానమ్మా."

"నేను చెప్తున్నాను కదా. రోజూ ఎలా కుడతావో అలాగే కుట్టు."

పిల్ల కూర్చుంది. మోకాళ్ళ మధ్య పటకారు పెట్టుకుని బిగించింది. రెండు సూదులూ ఒకదాన్నొకటి దాటుకుంటూ చిల్లుల్లో దూరుతున్నాయి. ఎంత వేగం, ఎంత తీరు. ప్రతి కుట్టుకీ దారాన్ని నోటి పక్కకి తెచ్చుకుని, ముందుపళ్ళు లేవు కాబట్టి దవడపళ్ళతో కరుచుకుని, తల వెనక్కి విసిరి లాగుతోంది. విసిరిన ప్రతిసారీ మెడ మీద నరం లేస్తోంది. దీనికి బావమరిది అవసరం ఎవరికీ లేకపోయింది. ఫొటో తీసినాయన ఫోను దించేశాడు. తెల్లజుట్టావిడ గోడకి ఆనుకుని అలాగే నేల మీదికి జారి కూర్చుంది. మైకాయన పొయ్యి వైపు చూస్తూ నిలబడ్డాడు, అందులో ఏముందో మరి.

ఆర్డరు సగానికి తెగిపోయింది. ఆరు నెలలు తన్నుకున్నాక రేటు మారింది, సంచులు ఆగాయి. మైకాయన మహాసభకి వెళ్ళనే వెళ్ళాడు, కోటు వేసుకుని. మా వీధిలో సగంమంది ఈనాటికీ అక్కతో మాట్లాడరు. పక్కింటావిడ ఊరే విడిచి పోయింది. అక్క చేసింది తప్పంటే నేను ఊరుకోను, కానీ ఒప్పు అన్నప్పుడల్లా ఆ పక్కింటి తాళం కనిపిస్తుంది. అదంతా తరవాతి సంగతి.

ఆ గదిలో అప్పుడు అందరూ చూస్తూనే ఉన్నారు. పిల్ల ఆ అంచు పూర్తిచేసి, దారం కొరికి, సూదులు వేళ్ళ సందున ఉంచుకునే చిప్పని రెండు చేతులతో ఎత్తి చూపించింది. ఇంతమంది పెద్దవాళ్ళు తననే చూస్తున్నారని దాని మొహం వెలిగిపోతోంది.

"ఏది బాగా చేశాను నానమ్మా?" అంది. "చెప్పడమా, కుట్టడమా?"

అక్క ముందుకి వంగి దాని చేతుల్లోంచి రెండు సూదులూ తీసుకుంది.